దొడ్డి మేడమ్

నా కోపం సంగతి ముందే చెప్పేస్తాను. లేకపోతే జరిగినదంతా ఆ కొండ మీది వాళ్ల తప్పులా కనిపిస్తుంది. మా అమ్మ బతికున్న రోజుల్లో "దీనికి ముక్కు మీద కోపం కాదు, కోపానికే ముక్కు మొలిచింది" అనేది. కోపం వచ్చిందంటే ఎదుటి మనిషి నోరు తెరిచేలోపు వాళ్ల మాట కూడా నేనే అనేసి, దానికి జవాబు కూడా నేనే చెప్పేసి, విసురుగా బయటికొచ్చేసే రకాన్ని. ఈ గుణం వల్ల రెండు ఉద్యోగాలు పోయాయి, ఒక పెళ్లి సంబంధం పోయింది. వాటికి పెద్దగా ఏడవలేదు. అరకు కొండల్లో ఒక ఊళ్లో పోగొట్టుకున్నదానికి మాత్రం ఇప్పటికీ ఏడుపొస్తుంది.

రెండువేల దశకం చివర్లో, నాకు ముప్పై దగ్గరపడుతుండగా ఆ ఉద్యోగం దొరికింది. అప్పటికి విజయనగరంలో ఏళ్ల తరబడి ల్యాబ్ టెక్నీషియన్‌గా రక్తాలూ మూత్రాలూ చూసినదాన్ని. కొత్త ఉద్యోగంలో పని ఒకటే. కొండ మీది చిన్నపిల్లలు దొడ్డికి వెళ్తే, అందులోంచి కొంచెం సీసాలోకి తీయించి, ఐసు పెట్టెలో సర్ది, రైల్లో విశాఖపట్నం చేర్చాలి. నెలకోసారి, ఏడాదిన్నర పాటు.

మనుషుల పేగుల్లో కంటికి కనపడని సూక్ష్మజీవులు కోటానుకోట్లు ఉంటాయనీ, ఒక పిల్ల ఒళ్లు చేయడానికీ ఇంకో పిల్ల చిక్కిపోవడానికీ వాటితో సంబంధం ఉండొచ్చనీ అప్పుడప్పుడే అనుకుంటున్నారు. డబ్బున్న దేశాల వాళ్ల కడుపులు చాలానే చూశారట. చోడి అంబలి తాగి పెరిగే మన కొండ పిల్లల కడుపుల్లో ఏముందో మాత్రం ఎవరూ చూడలేదని మా సారు చెప్పాడు. చోళ్లంటే రాగులే, మా వైపు అలా అంటాం. ఆ పిల్లల్నీ, కింద పట్నంలో అన్నం తినే పిల్లల్నీ పోల్చి చూడటం ఆయన పని. ఆయన నగరంలో ఉండేవాడు. నేను అరకులో రైలు కట్టకి దగ్గర్లో ఒక రేకుల గదిలో ఉండేదాన్ని. నాకు అప్పగించింది ఒకే ఊరు. జీపు దిగి గంటన్నర నడిస్తే వస్తుంది. పన్నెండు ఇళ్లలో పన్నెండు మంది పిల్లలు. నెలకి రెండు రోజులు పైన, మిగతా రోజులన్నీ గదిలో ఫారాలతో.

మొదటిసారి ఊరివాళ్లని కూర్చోబెట్టి సంగతి చెప్పబోయి నవ్వులపాలయ్యాను. "పాలు తోడుపెడితే పెరుగవుతుంది కదా, తోడులో ఉండే పురుగుల్లాంటివే కడుపులోనూ ఉంటాయి" అని మొదలుపెట్టాను. అందరూ మొహమొహాలు చూసుకున్నారు. ఊరి పెద్ద ఒక ముసలాయన. చింత చచ్చినా పులుపు చావదన్నట్టు ఆ వయసులోనూ మహా వెటకారం ఆయనకి.

"మాం పాలు పితకం మేడమ్. ఆవు పాలు దూడవి. మనిసికేటి వాటితోటి పని?" అన్నాడు.

పాలే పితకని ఊళ్లో పెరుగు పాఠం చెబుతున్నాను నేను. నా చదువు తగలెయ్య. కాస్త ఆలోచించి, "సరే, అంబలి రాత్రంతా ఉంచితే పులుస్తుంది కదా, అలాగే" అన్నాను. అందరికీ అర్థమైపోయింది.

"అయితే మా గుంటల కడుపులో ఉన్నది పులుపో కాదో నాకి సూత్తావా ఏటి?" అన్నాడు ముసలాయన. ఊరంతా విరగబడి నవ్వింది. ఆ రోజునుంచే నాకు దొడ్డి మేడమ్ అన్న పేరు పడింది. నేను వాగు దాటి పైకొస్తుంటే పిల్లలు చూసి "దొడ్డి మేడమొచ్చింది" అని అరుచుకుంటూ ఇళ్లలోకి పరిగెత్తేవాళ్లు.

నవ్వులయ్యాక అందరికీ అంగీకార పత్రం చదివి వినిపించాలి. తల్లి ఒప్పుకుని వేలిముద్ర వేస్తేనే సీసా ఇవ్వాలి. నేను ఒక్కో ఇంటికీ వెళ్లి చదివాను. అన్ని వాక్యాలూ చదివాను, ఒక్కటి తప్ప. "పరీక్షల ఫలితాలు ఎవరికీ విడిగా తెలియజేయబడవు." అది చదివితే ఏ తల్లి ఇస్తుంది? నాకేం వస్తుందని అడగదూ? పన్నెండు వేలిముద్రలు తెచ్చి చూపించకపోతే ఆ ఉద్యోగమూ పోయేలా ఉంది. అందుకని మింగేశాను. ఒక్క వాక్యమే కదా అనుకున్నాను.

ఊరి చివరి ఇల్లు ఆమెది. ఇరవై రెండో ఇరవై మూడో ఉంటాయి. చంకలో ఒక గుంట, చిన్నపిల్లల్ని అక్కడ అలాగే అంటారు. ఆ గుంటకి ముందు ఇద్దరు పుట్టి, ఇద్దరూ ఏడాది తిరక్కుండానే పోయారు. ఈ గుంటకి రెండో ఏడు నడుస్తోంది. కాళ్లూ చేతులూ పుల్లల్లా ఉండేవి, పొట్ట మాత్రం ముందుకొచ్చి ఉండేది. నాలుగు రోజులు బాగుంటే నాలుగు రోజులు విరేచనాలు. ఆమె పత్రమంతా చెవొగ్గి వింది. వేలికి సిరా రాసుకుని, ముద్ర వేయబోయి ఆగింది.

"నా గుంట కడుపులో ఏటున్నాదో నివ్వు సూత్తావు కదా?" అంది. ఆ ఊళ్లో మీరు అన్న మాట లేదు, ఎవరినైనా నువ్వనే అంటారు.

"చూస్తారు."

"సూసి నాకు సెప్తావా? ముందోళ్లిద్దరూ ఎందుకు పోనారో ఎవుల్నీ అడగలేదు. దీని సంగతి నాకు తెలియాల."

"చెప్తాను" అన్నాను. మళ్లీ అడుగుతుందేమోనని, "చెప్తానన్నానా! వెయ్యి వేలిముద్ర" అని కసిరాను కూడా.

వేసింది. ఆ తర్వాత ప్రతి నెలా సీసా నా చేతికిస్తూ అదే మాట అడిగేది, "ఏటన్నారు?" అని. "ఇంకా రాలేదు" అనేదాన్ని. నెలకో అబద్ధం. నోటికి అలవాటైపోయింది.

నా నెల ఎలా గడిచేదో చెప్పాలి. సాయంత్రం ఊరు చేరేసరికి పొయ్యిలన్నీ రాజుకుని ఉండేవి. ఇంటింటికీ వెళ్లి గట్టి మూతున్న సీసా, చెక్క చెంచా ఇచ్చేదాన్ని. పొద్దున్న పిల్ల లేవగానే పట్టాలి, బూడిద తగలకూడదు, మట్టి తగలకూడదు అని మళ్లీ చెప్పేదాన్ని. ప్రతి ఇంట్లోనూ "తినీసెల్లు మేడమ్" అనేవాళ్లు. "తిన్నాను" అనేసి తర్వాతి ఇంటికి నడిచేదాన్ని. పిల్లల ఇళ్లలో తినకూడదని ఆఫీసు వాళ్లు చెప్పిన మాట ఒకటి ఉంది. దానికి తోడు మా వైపు గుమ్మం దాకా సాగనంపుతూ "భోంచేసి వెళ్లకూడదూ" అంటారు చూడండి, తలుపు ఒక చేత్తో వేస్తూనే, ఇదీ అలాంటిదే అనుకున్నాను. ఉన్నమాట చెప్పాలంటే, పొద్దస్తమానం ఆ సీసాలు పట్టుకునే నా చేతుల్ని చూసుకుంటే నాకే తినబుద్ధయ్యేది కాదు.

పన్నెండు ఇళ్లూ తిరిగి బడి గదికి వచ్చేదాన్ని. టీచరు వారానికి రెండుసార్లే వచ్చేవాడు, తాళంచెవి నా దగ్గరే ఉండేది. బల్ల మీద దుప్పటి పరుచుకుని, అరకు నుంచి తెచ్చుకున్న అటుకులూ మజ్జిగా కలుపుకుని, ఊరగాయ నంజుకునేదాన్ని. ఊరంతా అన్నం ఉడుకుతున్న వాసన వేసేది. ఇళ్లలోంచి మాటలు వినపడేవి. వాళ్లలో వాళ్లు మాట్లాడుకునేది ఒరియాకి దగ్గరగా ఉండే వాళ్ల భాష, నాకొక్క ముక్క తెలిసేది కాదు. నవ్వు మాత్రం ఏ భాషలోనైనా నవ్వే కదా. నా గురించే నవ్వుతున్నారని నా నమ్మకం. ఇన్ని ఇళ్లున్న ఊళ్లో నాతో కూర్చుని తినే దిక్కు లేదే అనుకునేదాన్ని.

పొద్దున్నే పన్నెండు సీసాలూ పోగు చేసి, ప్రతి తల్లినీ "నిన్న పిల్ల ఏం తింది?" అని అడిగి రాసుకునేదాన్ని. "అన్నం, పప్పు" అనేవాళ్లు. నెలనెలా అన్ని ఇళ్లలోనూ అన్నమే. ఒకసారి సారు ఫోన్లో అడిగాడు, "అంబలి తాగే పిల్లలని కదమ్మా ఆ ఊరు ఎంచుకున్నాం, అందరూ అన్నమే తింటున్నారేంటి?" అని. "కోటా బియ్యం వస్తున్నాయి కద సార్, కాలం మారిపోయింది" అన్నాను. నాకన్నీ తెలిసినట్టే.

రైల్లో నా తెల్ల పెట్టె చూసి జనానికి ఒకటే ఆరా. "ఏటమ్మా అందులో, సేపలా?" అనేవాళ్లు. అవునంటే కొంటామనేవాళ్లు. పుట్టగొడుగులంటే ఇంకా ముందుకొచ్చేవాళ్లు. ఒకసారి విసుగెత్తి, "పిల్లల దొడ్డి, కావాలా?" అన్నాను. బొర్రా వచ్చేసరికి నా చుట్టుపక్కల సీట్లన్నీ ఖాళీ. ఆ సొరంగాలన్నీ ఎనిమిది మంది పట్టే చోట నేనూ నా పెట్టే కూర్చుని దాటాం. ముందు నవ్వొచ్చింది. తర్వాత చీకటి సొరంగంలో ఎవరూ చూడరు కదా అని ఏడ్చాను.

ఇంటికి వెళ్దామన్నా అంతే. అమ్మ పోయాక అది అన్నయ్యా వదినల ఇల్లు. ఒకసారి వెళితే వదిన పెరటి వైపు నుంచి రమ్మంది. నూతి దగ్గర వేన్నీళ్లు కాచి ఉంచింది. స్నానమయ్యాక కాఫీ ఇచ్చింది. గ్లాసు అడుగున గోళ్ల రంగుతో ఎర్ర చుక్క పెట్టి ఉంది, మిగతా గ్లాసుల్లో కలిసిపోకుండా. "పిల్లలున్న ఇల్లు కదమ్మా, ఏమనుకోకు" అంది. విచిత్రం, ఆ రోజు నాకు కోపం రాలేదు. కాఫీ తాగి, గ్లాసు నేనే తోముకుని, సాయంత్రం బస్సెక్కేశాను.

పదో నెల అయ్యాక, ఒక ఫారం మీద వేలిముద్ర అలుక్కుపోయిందని ఆఫీసువాళ్లు తిప్పి పంపారు. అది చివరి ఇంటి ఆమెదే. సీసాల రోజుకి ఇంకా రెండు వారాలుంది. ఎవరికీ చెప్పకుండా ఒక పొద్దున్న జీపెక్కి, నడిచి, ఊరు చేరాను. వెళ్తూ వెళ్తూ ఇళ్లలోకి చూశాను. మొదటి ఇంట్లో అంబలి. రెండో ఇంట్లో అంబలి. ముసలాయన అరుగు మీద కూర్చుని సొరకాయ బుర్రతో అంబలి తాగుతూ నన్ను చూసి గబుక్కున పక్కన పెట్టేశాడు. చివరి ఇంటికి వెళ్లేసరికి గుంట గడ్డం మీద అంబలి కారి ఎండిపోయి ఉంది.

"రోజూ తాగేది ఇదేనా?" అని అడిగాను.

"ఇదే" అంది ఆమె.

"మరి నేను వచ్చిన రోజు అన్నమో?"

"ఆ రోజు అన్నం వొండుతాం" అంది.

అంతే. ఇక నేను ఆమెని మాట్లాడనివ్వలేదు. "సిగ్గు! మేడమొచ్చి కడుపులు చూస్తుంది, అంబలి కనిపిస్తే పరువు పోతుంది, అదేనా? ఆ ఒక్క రోజుకీ గొప్పలకి పోయి పిల్లకి అన్నం పెట్టి సీసా నింపావా? పది నెలలు! నేను మోసింది నీ పిల్ల కడుపు కాదు, నీ గొప్పలు! ఇప్పుడు నీకు ఏం చెప్పమంటావు? దీని కడుపులో ఏముందో ఎవడు చెప్తాడు?" అని గుక్క తిప్పుకోకుండా అరిచాను. పక్కిళ్ల వాళ్లు బయటికొచ్చారు. గుంట బెదిరి తల్లి కాళ్లు చుట్టేసుకుంది. ఆమె తల దించుకుని నేలకేసి చూస్తూ నిలబడింది. ఒక్కసారి ఏదో చెప్పబోయింది. "నోర్ముయ్" అన్నాను.

ఫోను సిగ్నలు కోసం ఊరి పైన గుట్టెక్కాలి. ఎక్కి ఒక రాయి మీద కూర్చున్నాను. చెప్పకపోతే ఏమవుతుంది? ఎవరికీ తెలీదు. వచ్చే నెలనుంచి అంబలే తాగమని చెప్పి నడిపించేయొచ్చు. కానీ పది నెలలది తప్పుడు లెక్క కింద మిగిలిపోతుంది. చెబితే లెక్కలోంచి ఆ ఊరే పోతుంది, ఆమెకిచ్చిన మాటా పోతుంది. చెప్పాను. నిజాయితీగా చెప్పానని ఇన్నాళ్లూ అనుకుంటూ వచ్చాను. కాదు. కోపం మీద చెప్పాను. వాళ్లకి తగిన శాస్తి జరగాలని చెప్పాను.

సారు కోప్పడలేదు. "చెప్పి మంచి పని చేశావమ్మా" అన్నాడు. అంబలి తాగే కడుపు కోసం చూస్తుంటే ముందు రాత్రి తిన్న అన్నం వచ్చి చేరింది, దేన్ని నమ్మాలో తెలీదు, ఏ ఇంట్లో ఎంత తిన్నారో తెలీదు, మళ్లీ మొదలుపెట్టే వ్యవధి లేదు అన్నాడు. "ఆ ఊరు వదిలేద్దాం." అంత నెమ్మదిగా అన్నాడు.

మిగిలిన సీసాలూ ఫారాలూ వెనక్కి తేవడానికి చివరిసారి వెళ్లాను. పిల్లలు దొడ్డి మేడమని అరవలేదు. ముసలాయన ఒక్క వెటకారం ఆడలేదు. వాగు దాకా వచ్చేశాక వెనక అడుగుల చప్పుడైంది. చివరి ఇంటి ఆమె, గుంటని చంకనేసుకుని, రొప్పుకుంటూ వచ్చి నా చేతిలో ఒక సీసా పెట్టింది. ముందు నెల మిగిలిపోయిన సీసా.

"ఈ పాలి అంబలే మేడమ్. మూడు దినాల్నుంచి బియ్యం ముట్టనియ్యలేదు. బూడిద తగల్లేదు, మన్ను తగల్లేదు. ఇది నిజింది. ఇది సూపించి ఏటున్నాదో సెప్పు" అంది.

ఆ ఊరు ఇక లెక్కలో లేదని అప్పుడైనా చెప్పాల్సింది. "చెప్తాను" అన్నాను. పదకొండో అబద్ధం.

ఆ ఒక్క సీసానీ ఐసు పెట్టెలో పెట్టుకుని రైలెక్కాను. ల్యాబుకి వెళ్లేసరికి మా ఊరి సీసాలు పెట్టే అర అప్పటికే ఖాళీ చేసేశారు. దీనికి నంబరు లేదు, పెట్టే చోటు లేదు. అక్కడి కుర్చీలో దాన్ని పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. పది నెలల్లో ఆ ఊరినుంచి వచ్చిన నిజమైన సీసా అదొక్కటే. తర్వాత లేచి, నా చేత్తోనే పసుపు రంగు సంచిలో పడేశాను. కాల్చేసే చెత్త వేసే సంచి అది. ఆ నెలాఖరుకి ఉద్యోగమూ అయిపోయింది.

మళ్లీ విజయనగరం, మళ్లీ ల్యాబు, మళ్లీ ఒక్క గది. రోజూ పరీక్షలకి వచ్చిన వాళ్లకి రిపోర్టు కాగితం చేతికిస్తుంటాం కదా, ఇచ్చినప్పుడల్లా ఆమె "ఏటన్నారు?" అన్నట్టుండేది. పరీక్షకి ఏ తల్లైనా బక్క పిల్లని తెస్తే అక్కడినుంచి లేచి వెళ్లిపోయేదాన్ని. గుంట బతికుందో లేదో కూడా తెలీదు. తెలుసుకునే ధైర్యం లేదు. అలా మూడేళ్లు గడిపాను.

మూడో ఏడు కార్తీకంలో మా ల్యాబు వాళ్లందరం వనభోజనాలకి బస్సు మాట్లాడుకుని అరకు వెళ్లాం. తోటలో చాపలు పరిచి, పులిహోర కలుపుతున్నారు. పాటలు పెట్టారు. అందరూ జంటలు జంటలుగా ఫోటోలు తీసుకుంటున్నారు. నాకు ఆ కొండ అక్కడినుంచే కనిపిస్తోంది. తలనొప్పిగా ఉందని చెప్పి రోడ్డు మీదికొచ్చి, అటువైపు వెళ్లే జీపెక్కేశాను. జీపు దిగి నడుస్తున్నంతసేపూ ఒకటే అనుకున్నాను. ఈసారి ఆ వాక్యం చదివి తీరాలి.

ముసలాయన అదే అరుగు మీద ఉన్నాడు. కళ్లు చికిలించి చూసి, "ఓలమ్మో! దొడ్డి మేడమే! ఏటి, కిందోళ్ల కడుపుల్లో దొడ్డి అయిపోనాదా, మళ్లీ మాకాడికొచ్చేవు?" అన్నాడు. ఆ వెటకారం విని ప్రాణం లేచొచ్చింది. ఇంక అడిగే ధైర్యం వచ్చి, "చివరింటి గుంట ఎలా ఉంది?" అన్నాను. ముసలాయన గడ్డంతో ఊరి చివరికి చూపించాడు.

గుంట వాకిట్లో ఉంది. బతికుంది. ఐదేళ్లకి మూడేళ్ల పిల్లలా ఉంది, కాళ్లు ఇంకా పుల్లలే. కానీ ఒక కోడిని తరుముకుంటూ ఇల్లంతా చుట్టబెడుతోంది. నన్ను గుర్తుపట్టలేదు. తల్లి గుమ్మంలోకి వచ్చింది. కూర్చోమనలేదు, ఎప్పుడొచ్చావనలేదు.

"ఏటన్నారు?" అంది.

"ఏమీ అనలేదు. అనరు" అన్నాను. "ఆ రోజు నీకు చదివిన కాగితంలో ఒక మాట చదవకుండా దాచాను. 'పరీక్షల ఫలితాలు ఎవరికీ విడిగా తెలియజేయబడవు.' అంటే నీ గుంట కడుపులో ఏముందో నీకు ఎప్పటికీ చెప్పరు. ఆ సంగతి నాకు మొదటిరోజే తెలుసు."

ఆమె గుమ్మం దిగి నా ఎదురుగా వచ్చి నిలబడింది.

"సదివుంటే ఇయ్యకపోదును" అంది.

"తెలుసు. అందుకే చదవలేదు."

"మరి ఆకర్న ఇచ్చిన సీసా? నిజింది?"

"పారేశాను."

"ఆళ్లు పారేసేరా, నివ్వు పారేసేవా?"

"నేనే" అన్నాను.

అక్కడితో ఊరుకుంటే నేను నేనెందుకవుతాను? ఆమె చూపు భరించలేక నా పాత బుద్ధి పైకొచ్చింది. "నాదే తప్పా? పది నెలలు నువ్వు మాత్రం ఏం చేశావు? నేనొచ్చే రోజే పిల్లకి అన్నం వండి పెట్టి..."

"గుంటకా?" అంది ఆమె, నా మాటకి అడ్డొచ్చి. ఆ ఊళ్లో నా మాటకి అడ్డొచ్చిన మొదటి మనిషి. "గుంటకి ఎందుకొండుతాను? నీకొండేను."

"నాకా?" అన్నాను.

"సుట్టమొత్తే అంబలి పోత్తామేటి మేడమ్? బియ్యం వొండాల. నివ్వొచ్చే దినం అందరిళ్లల్లోనూ నీకే వొండేవోళ్లు. పన్నెండిళ్లల్లో ఒక్కింట్లోనన్నా తింతావనీసి. నివ్వు తిన్నానంతావు, ఎల్లిపోతావు. వొండింది పారబొయ్యలేం కదా, గుంటలికి ఎట్టీసేవోళ్లం. ఆ దినం సెప్దామంటే నివ్వు నోరు ముయ్యమన్నావు."

నేను అక్కడే గుమ్మం ముందు కూర్చున్నాను. బడి గది, బల్ల మీద దుప్పటి, మజ్జిగలో నానేసిన అటుకులు గుర్తొచ్చాయి. నాతో కూర్చుని తినే దిక్కు లేదని నేను ఏడుస్తున్నప్పుడు ఊరంతా ఉడికిన ఆ అన్నం నాకోసమే. నేను వాళ్ల కడుపులు చూడ్డానికి వెళ్లాను. వాళ్లు నా కడుపు గురించి ఆలోచించారు. ఆ అన్నాన్నే నేను వాళ్ల గొప్పలని సారుకి ఫోన్లో చెప్పాను, ఆ అన్నం వల్లే వాళ్ల పిల్లల్ని లెక్కలోంచి తీసేశారు. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. ముక్కూ మొహం ఏకం చేసుకుని ఏడ్చాను. ఆమె ఓదార్చలేదు. ఓదార్చాల్సిన అవసరమూ ఆమెకి లేదు. గుంట కోడిని వదిలేసి వచ్చి, పెద్ద మనిషి ఏడుస్తుంటే వింతగా చూస్తూ నిలబడింది.

ఏడుపు ఆగాక నోట్లోంచి ఒకే మాట వచ్చింది. "ఆకలేస్తోంది" అన్నాను. నిజంగానే వేస్తోంది. పొద్దున్నుంచి ఏమీ తినలేదు.

ఆమె మొహం మారిపోయింది. గాభరాగా లోపలికీ బయటికీ చూసింది. "బియ్యం లేవు మేడమ్. నివ్వొత్తావని తెల్దు. పక్కింట్లో అడిగొత్తాను, కూకో."

"వద్దు. ఉన్నదే పెట్టు."

"అంబలే ఉన్నాది" అంది, చాలా చిన్న గొంతుతో.

"అదే పెట్టు."

కదల్లేదు. నేనూ కదల్లేదు. చివరికి గుంటే లోపలికి వెళ్లి కుండ మీది మూత లాగేసింది. ఆమె గట్టిగా నిట్టూర్చి, నన్ను లోపలికి రమ్మని, గచ్చు మీద పీట వేసింది. సొరకాయ బుర్రతో తీసి గిన్నెలో పోసింది. ఉల్లిపాయ, ఎండుమిరపకాయ పక్కన పెట్టింది. పుల్లగా, చల్లగా ఉంది. నేను గిన్నె ఎత్తి తాగుతుంటే ఆమె లేచి గుమ్మం దగ్గరికి వెళ్లింది. చుట్టానికి అంబలి పోసిందని ఇరుగుపొరుగు చూస్తే పరువు పోతుందని, తలుపు దగ్గరగా వేసి, దానికి వీపు ఆనించి నిలబడింది.